పుర్రచేతి అల్లిక

గంట ఆగి మళ్ళీ ప్రయత్నించండి అంది ఫోను. ఎంత మర్యాదగా అందో! డాక్టరు గది గుమ్మంలో కూర్చుని ఎవరినీ లోపలికి పోనివ్వని మనిషి అన్నట్టు, కోపం లేదు, జాలీ లేదు, గంట ఆగండి, అంతే. పుర్రమ్మ ఆ ముక్కని మళ్ళీ కూడబలుక్కుని చదివింది, గంట కాదేమో, నిమిషమేమో, కంగార్లో తప్పు చదివానేమో అని. గంటే. ఇందాక వచ్చిన అంకెలు సరిగ్గా కొట్టుంటే ఈ గంట ఉండేది కాదు. ఓసారి ఒక అంకె బదులు పక్క అంకె, ఓసారి చివరిది మర్చిపోయి, ఓసారి అంతకుముందు మెసేజీలోవి చూసి, అలా కొట్టీ కొట్టీ ఆ మెసేజీల యాప్‌కే విసుగొచ్చేలా చేసింది, అది తలుపేసుకుంది. లోపల దొంగ, బయట తను. తన పేరు పెట్టుకుని, తన ఫొటో పెట్టుకుని, ఆ ఫొటోలో తను నవ్విన నవ్వు కూడా పెట్టుకుని ముక్కూమొహం తెలియనివాడెవడో లోపల కూర్చుని తన వాళ్ళందరితో మాట్లాడుతున్నాడు. ఈ గంటా వాడిది. ఎదురుగా పెద్ద డ్రయ్యరు అప్పుడే మొదలైంది, గాజు తలుపు వెనక తెల్ల దుప్పట్లు పైకెళ్ళి ధబ్బున పడుతున్నాయి, మళ్ళీ పైకెళ్ళి ధబ్బున పడుతున్నాయి. ఇదీ గంట వాయే, ఇది ఆగేసరికి అదీ అవుతుందిలే అనుకుని దాన్నే చూస్తూ కూర్చుంటే అది అసలు నడుస్తున్నట్టే లేదు, ఒకే దుప్పటి ఒకే చోట పడుతున్నట్టుంది.

ఆస్పత్రి అడుగు అంతస్తులో బట్టల గది అది. పై వార్డుల్లోంచి మూటలు దిగుతాయి, ఉతకడం, ఆరబెట్టడం, ఇస్త్రీ, మడతలు అన్నీ ఇక్కడే. చిరిగినవి మాత్రం పుర్రమ్మ బల్ల మీదికి వస్తాయి. రోగుల గౌన్లకి వీపు వైపు తాళ్ళు కుట్టాలి, దిండు గలేబుల మూలలు అతకాలి, నడుమ చివికిపోయిన దుప్పటిని నిలువునా కోసి, గట్టిగా ఉన్న అంచులు రెండూ మధ్యకొచ్చేలా కలిపి కుట్టాలి, ఆఖర్న మూల మీద వార్డు గుర్తు రాయాలి, ఎన్నిసార్లు ఉతికినా మరగబెట్టినా పోని నల్లసిరా పెన్నుతో. జీతం కాగితం మీద ఆమెకో పేరుంది గాని ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. పుర్రచేతి వాటం కాబట్టి పుర్రమ్మ. ఇంట్లో మొదలైంది ఆ పిలుపు, బడికెళ్ళింది, పెళ్ళయితే అత్తగారింటికి కూడా వెనకాలే వచ్చింది, ఇక్కడ సూపర్‌వైజరమ్మ దాకా పాకింది. కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించే ఆ పుర్రచెయ్యి ఇవాళ ఎక్కించలేకపోతోంది, దారం సూది పక్కనించి పోతోంది, తడి చేసి, మెలేసి, మళ్ళీ పెడితే మళ్ళీ పక్కనించే. చిట్టెలుక ఇప్పుడేం చేస్తూ ఉంటుందో. పాపకి పాలు పడుతూ ఉంటుందా, స్నానం చేయిస్తూ ఉంటుందా, ఫోను చూస్తూ ఉంటుందా. చూడకు తల్లీ. ఈ ఒక్క గంటా ఫోను చూడకు, అలమార్లో పడేసి మర్చిపో, నీకు దణ్ణం పెడతాను.

చిట్టెలుక అంటే ఎవరో కాదు, గ్రూపులో పిల్ల. క్రోషా అల్లుకునేవాళ్ళ గ్రూపు అది, పుర్రమ్మ మొదలుపెట్టిందే, ఊసుపోక నలుగురితో మొదలుపెడితే ఇప్పుడు ఊళ్ళో జాతరంత జనం, అందులో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసినవాళ్ళు ఎవరూ లేరు. రైలింజను నడిపి రిటైరైన పెద్దాయన ఉన్నాడు, ఇంజను బాబాయి, అంత పొడుగు రైలుని ఆపిన చేతులమ్మాయ్ ఇవి, ఒక్క ముడిని ఆపలేకపోతున్నాయి అని వాయిస్ మెసేజ్ పెడితే అందరూ నవ్వి చచ్చేవాళ్ళు. ఇప్పుడు మాత్రం బల్లగుడ్డలు అల్లడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. లెక్కల టీచరమ్మ ఉంది, కుట్టు తప్పితే కోపం, కుట్టు కుదిరినా కోపమే. ఈ పిల్లేమో తన ఫొటో బదులు క్రోషాతో అల్లిన బూడిదరంగు ఎలుక బొమ్మ పెట్టుకుంది, అందుకని చిట్టెలుక. మొదట్లో ఏమీ వచ్చేది కాదు. గొలుసు కుట్టు వేస్తే తాడు పేనినట్టుండేది. పుర్రమ్మ అల్లి ఫొటోలు పెట్టేది, చూసి నేర్చుకోమని. నీ బొమ్మలు చూస్తే నాకు తల తిరుగుతోందక్కా, అంతా అటునించి ఇటు వెళ్తోంది అనేది. వెళ్ళదూ మరి! లోకమంతా గుండ్రంగా అల్లితే గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది అల్లిక, పుర్రమ్మది ముల్లుతో పాటు తిరుగుతుంది. అద్దం ముందు పెట్టుకుని చూడు తల్లీ అని చెప్పింది పుర్రమ్మ. ఆ పిల్ల నిజంగానే బీరువా అద్దం ముందు కుర్చీ వేసుకుని, ఫోను అద్దానికేసి పట్టుకుని, అద్దంలో బొమ్మ చూసి అల్లడం మొదలెట్టింది, పట్టుబడిపోయింది. కుట్టు తప్పినప్పుడల్లా ఏడుపు గొంతుతో మెసేజ్ పెట్టేది, పుర్రమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది, తొందరేం లేదు తల్లీ, విప్పి మళ్ళీ అల్లుకో.

ఎవరు చెప్పారు తనకి ఆ అద్దం సంగతి? మేనత్త. నాయనమ్మకి ఎడమ చెయ్యంటే మంట, రిబ్బనుతో కుర్చీ కోడుకి కట్టేసేది ఆ చేతిని, కుడిచేత్తో రాసేదాకా విప్పనని. మెత్తటి రిబ్బనే, ఎరుపు, దానికి చివర జరీ కూడా ఉండేది, ఇప్పటికీ ఎర్ర రిబ్బను చూస్తే మణికట్టు దగ్గర దురద పుడుతుంది. మేనత్త వచ్చి ఏమీ అనకుండా ముడి విప్పేది, దొడ్డివైపు మెట్ల మీదికి లాక్కుపోయేది, పక్కన కాదే మొద్దూ, నా ఎదురుగా కూర్చో, నన్ను అద్దం అనుకో, నా కుడిచెయ్యి ఏం చేస్తే నీ పుర్రచెయ్యి అది చెయ్యి అనేది. అలా వచ్చింది అల్లిక. లోకంలో ఉన్న కత్తెరలన్నీ కుడిచేతివే, కుట్టు మిషను చక్రం కుడివైపే, పుస్తకాల్లో నమూనాలన్నీ కుడిచేతివే, ఎవరు ఏం నేర్పినా పుర్రమ్మ మనసులో తిరగేసుకుని నేర్చుకోవాల్సిందే. తిరగేసుకోకుండా, ఉన్నది ఉన్నట్టు చూసి అల్లే నమూనా ఒక్కటి దొరికితే ఎలా ఉంటుందో అని ఎన్నిసార్లు అనుకుందో. చూడు, ఆ అనుకోవడమే కొంప ముంచింది.

పొద్దున్న పనికి వస్తూ బస్సులో చూసింది. గ్రూపులోకి కొత్తగా చేరిన ఒకామె, మొన్న పుర్రమ్మే చేర్చుకుంది, మీ అల్లిక చూసి కళ్ళు చెదిరిపోయాయండీ అంటే పొంగిపోయి ఎవరు ఏమిటి అని అడక్కుండా చేర్చుకుంది, ఆమె పెట్టింది. పుర్రచేతి వాళ్ళ కోసం ప్రత్యేకం, ఇదిగో లింకు, పక్కనే ఎడమచేత్తో క్రోషా సూది పట్టుకున్న ఫొటో. ఎడమచెయ్యి! సూది పట్టుకుని! బస్సులో పుర్రమ్మకి పక్కావిడని పొడిచి చూపించాలనిపించింది. లింకు నొక్కితే ఒక పేజీ వచ్చింది, పువ్వులూ దారపుండలూ అందంగా ఉంది, మీ ఫోను నంబరు రాయండి అంది, రాసింది, ఇప్పుడు మీకు అంకెలు వస్తాయి, అవి ఇక్కడ కొట్టండి అంది. వచ్చాయి. అంకెల కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంది, ఇవి ఎవరికీ చెప్పవద్దు అనే ఉండి ఉంటుంది, బస్సు కుదుపుల్లో అక్షరాలు చీమల్లా పాకాయి, పుర్రమ్మ ఆ చీమల్ని చదవలేదు. కొట్టేసింది. పేజీ తెల్లగా అయిపోయింది, నమూనా రాలేదు, నెట్ సరిగా లేదేమోలే అని ఫోను సంచిలో వేసుకుని దిగిపోయింది. దిగి, గేటు దాటి, గదిలోకొచ్చి, ఆప్రాన్ కట్టుకుని, మళ్ళీ ఒకసారి చూద్దామని తీస్తే తన ఫోన్లో తన యాప్ తనని ఎవరు నువ్వు అని అడుగుతోంది.

మందుల షాపులో కౌంటరు మీద ఉన్న కూతురికి ఫోన్ చేసి చెప్పింది. అమ్మా, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దని ఎన్నిసార్లు చెప్పాను అంది. ఎవరికీ ఇవ్వలేదే, పేజీలో కొట్టాను అంటే, ఆ పేజీ వెనక మనిషి ఉంటాడమ్మా అంది. పుర్రమ్మకి ఆ ముక్క ఇంకా చెవిలో తిరుగుతోంది, పేజీ వెనక మనిషి. సరే, ఇప్పుడు ఎవరినీ తిట్టకు, ఏడవకు, ఆ గంటా అయ్యాక మళ్ళీ అంకెలొస్తాయి, నెమ్మదిగా కొట్టు, ఎవరికీ చెప్పకు, నాక్కూడా చెప్పకు అని, ఆ వస్తున్నానండీ ఏ మాత్ర అన్నారు అని ఎవరితోనో అంటూ పెట్టేసింది. దానికి చిట్టెలుక సంగతి చెప్పనే లేదు. చెప్పినా అదేం చేస్తుంది.

ఫోను మోగింది. పుర్రమ్మ లాక్కుని చూసింది. ఇంజను బాబాయి. గ్రూపు మొదలుపెట్టింది తను కాబట్టి తన నంబరు అందరి దగ్గరా ఉంది గాని, ఆయన మామూలుగా ఫోన్ చేసిన మనిషి కాదు, ఎప్పుడూ ఆ యాప్‌లోనే.

"ఏమ్మాయ్, ఆ అంకెలు చాల్లేదా? నా యాప్ నన్నే రానివ్వటం లేదు!"

"బాబాయ్, నువ్వూ పంపావా?"

"పంపక? కొత్త నమూనా అల్లాను, ముందు మీకే చూపిస్తున్నా, లింకు నొక్కి వచ్చిన అంకెలు నాకు పంపండి అంటివి కదా. నువ్వు అడిగితే అంకెలేంటి, నా పళ్ళసెట్టు కూడా పంపుతా."

"అది నేను కాదు బాబాయ్. నా యాప్ ఎవడో ఎత్తుకుపోయాడు."

ఆయన గొంతు చిన్నదైపోయింది. "ఎర్రజెండా ఊపేవాడే దొంగయితే బండి ఎవడాపుతాడమ్మాయ్" అన్నాడు. నవ్వించడానికి అన్నాడో ఏమో, ఎవరికీ నవ్వు రాలేదు. చిట్టెలుక నంబరు ఉందా బాబాయ్ అంటే, అన్నీ ఆ యాప్‌లోనే కదా, పాత ఫోను సొరుగులో ఉంది, ఛార్జింగ్ పెట్టి చూస్తాను, అది లేస్తే అదృష్టం అని పెట్టేశాడు. పాపం, తను పంపలేదంటే నమ్మాడు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నంబరు. అదే కదా వచ్చిన చిక్కు. మూడేళ్ళబట్టి రోజూ మాట్లాడుకున్నారే, దాని పాపకి పన్నొస్తే తెలుసు, అత్తగారు కాఫీ కప్పు విసిరికొడితే తెలుసు, మొగుడు దూరపు పనికెళ్ళి ఆదివారం తప్ప మాట్లాడడని తెలుసు, నంబరు మాత్రం తెలియదు. ఎలుక బొమ్మ మీద నొక్కితే ఎలుక పలికేది, నంబరు ఎందుకు? పుర్రమ్మ ఫోన్లో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందికి వెతికింది, గ్యాస్ వాడు ఉన్నాడు, పాల వాడు ఉన్నాడు, ఎప్పుడో పోయిన ఆడపడుచు ఉంది తీసెయ్యడానికి చెయ్యి రాక, ఎలుక లేదు. దాని ఊరేదో అడిగిందా ఎప్పుడైనా? అడగలేదు. వాళ్ళ వంటింటి కిటికీలోంచి సైరన్ వినిపించేది మెసేజ్‌లలో, ఏదో ఫ్యాక్టరీ ఉండి ఉంటుంది. సైరన్ ఉన్న ఊళ్ళన్నీ తిరిగి వెతుకుతావా ముసలిదానా. పాపకి పుట్టుకతోనే చెవులు వినపడవు. ఆ సైరన్ కూడా దానికి వినపడదక్కా, నాకేమో వినీ వినీ తలనొప్పి అని నవ్వేది. చెవి లోపల మిషను పెట్టే ఆపరేషను వచ్చే వారమే. ఇల్లు ఇల్లంతా కూడబెట్టింది, గాజులు అమ్మింది, తను అల్లిన టోపీలు అమ్మింది. మొన్ననే చెప్పింది, డబ్బంతా ఈ ఫోన్లోకే వచ్చి పడిందక్కా, వేలు తగిలితే ఎటో పోతుందేమోనని భయం, రాత్రి పూట అలమార్లో పెట్టి తాళమేస్తున్నా అని. ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది, ఏదో సందర్భంలో, నవ్వుతూ అంది, నువ్వు పంపింది చూసేదేముందక్కా, కళ్ళు మూసుకుని నొక్కేస్తా. అప్పుడెంత సంతోషపడింది పుర్రమ్మ ఆ మాటకి! రెండుసార్లు వింది. ఇప్పుడా మాటే సూదిలా లోపల ఎక్కడో దిగి ఉంది, కదిలినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

"ఏంటి వదినా, ఆ గౌనుకి తాడు ఎక్కడ కుట్టావో చూసుకున్నావా?" మడతల బల్ల దగ్గర్నించి అరిచింది వదిన. సొంత వదినేం కాదు, పక్క బల్ల వదిన, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు వదినా అనే పిలుచుకుంటారు. పుర్రమ్మ చూసుకుంది. వీపున ఉండాల్సిన తాడు ముందు పొట్ట మీదికి వచ్చింది.

"రోగి వెనక్కి నడవాలి ఇంక" అంది వదిన, దగ్గరకొచ్చి, మొహం చూసి, నవ్వు ఆపేసింది. "ఏమైంది?"

ఏమైందని చెప్పను. చెప్పింది, ముక్కలు ముక్కలుగా, అటుదిటూ ఇటుదటూ. వదినకి ఆ యాప్ అంటే పడదు, ఫోనంటే చెవికి పెట్టుకునేదే ఆవిడకి. అంతా విని, ఎవరో మొహం తెలియని పిల్ల కోసం ఇంత వణుకుతావేంటి అనలేదు, అంటుందేమోనని పుర్రమ్మ భయపడింది. ముందు ఆ కుట్లు విప్పుకో, కత్తెర ఇటియ్యి నేను విప్పుతా, నీ చెయ్యి చూస్తే ఆపరేషను మనిషికి చెయ్యాల్సింది గౌనుకి చేసేట్టున్నావు అని లాక్కుంది. కుడిచేతి కత్తెర వదిన చేతిలో ఎంత తేలిగ్గా ఆడుతుందో. పుర్రమ్మ బొటనవేలి పక్కన ఆ కత్తెర నొక్కీ నొక్కీ కాయ కాసిపోయింది. ఆ కాయని రుద్దుకుంటూ కూర్చుంది. డ్రయ్యరు ఒక్క క్షణం ఆగి రెండో వైపు తిరగడం మొదలెట్టింది, దుప్పట్లు చిక్కుపడకుండా అలా మధ్య మధ్య తిరగబడుతుంది. అటు తిరిగినా ఇటు తిరిగినా పడేవి అవే దుప్పట్లు. అది చూస్తుంటే, ఎందుకో తెలియదు, పొద్దున్న లింకు పక్కన చూసిన ఫొటో మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ఎడమచెయ్యి, క్రోషా సూది, పక్కన నీలం దారపుండ, దాని నడుముకి కంపెనీ కాగితం చుట్టి ఉంది, కాగితం మీద అక్షరాలు. ఆ అక్షరాలేంటి అలా ఉన్నాయి? బస్సులో అనుకుంది, ఏ దేశపు భాషో, దారం ఎక్కడినించో తెప్పించుంటారు అని. అదే దారం తన సంచిలో ఉంది. తీసి చూసింది. కాగితం మీద అదే పువ్వు గుర్తు, అవే అక్షరాలు. ఫొటోలో అవి తిరగబడి ఉన్నాయి, అంతే. ఒరేయ్ ఒరేయ్. అది ఎడమచెయ్యి కాదు. కుడిచేతి ఫొటోని తిరగేసి పెట్టాడు. పుట్టినప్పటినించీ లోకాన్ని తిరగేసుకుని చూస్తున్నదాన్ని, నా దగ్గరికి అద్దం తెచ్చి పెట్టి ఇదే లోకం అన్నాడు, నేను నమ్మేశాను. ముందు కోపం రాలేదు, సిగ్గొచ్చింది, తల తీసేసినట్టయింది. తర్వాత కోపమొచ్చింది, అరికాల్లోంచి. తనది పుర్రచెయ్యి అని వాడికెలా తెలిసింది? తనే చెప్పుకుంది, గ్రూపులో వందసార్లు, మొన్న ఆ కొత్తామె వేషంలో వచ్చినవాడికి కూడా, నవ్వుతూ, గొప్పగా.

మళ్ళీ మోగింది. టీచరమ్మ. పలకరింపు లేదు. "అందరి నోళ్ళూ కుట్టేశారేంటండీ? మీరు తప్ప గ్రూపులో ఇంకెవరూ రాయడానికి లేదంటోంది. ఆ అంకెలెందుకని మీకు విడిగా రాస్తే నన్ను బయటికి తోసేశారు."

"అమ్మా, అది నేను కాదు. మీకు పుణ్యముంటుంది, గ్రూపులో చిట్టెలుక నంబరు..."

"కోపమొచ్చి గ్రూపంతా నా ఫోన్లోంచి తుడిచేశాను" అంది టీచరమ్మ, అని, "మీరు కాదా?" అంది. ఆ గొంతు తను ఎప్పుడూ వినలేదు, పాఠం మధ్యలో లెక్క తప్పిన టీచరు గొంతు.

అంటే అడిగినవాళ్ళని అడిగినట్టే బయటికి నెడుతున్నాడు. అడగనివాళ్ళే లోపల మిగులుతారు. కళ్ళు మూసుకుని నొక్కేవాళ్ళే. పుర్రమ్మ లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. పైన ఏదో వార్డులో ఎవరి పిల్లో ఏడుస్తోంది, గొట్టంలోంచి మూటలు జారే దారిలో ఏడుపు కూడా జారి వస్తుంది ఒక్కోసారి. వినపడని పిల్లలు ఎలా ఏడుస్తారు? దాని ఏడుపు దానికి వినపడదు కదా. చిట్టెలుక ఒకసారి ఆ ఏడుపు కూడా పంపింది, చూడక్కా, ఆపదు, ఎంత గట్టిగా ఏడుస్తోందో దానికే తెలియదు అని. ఆపరేషనయ్యాక మొదట వినపడేది ఏమై ఉంటుందక్కా అని అడిగింది. నీ గొంతే అయి ఉంటుంది, లేకపోతే మీ అత్తగారు కప్పు విసిరిన చప్పుడు అంటే పగలబడి నవ్వింది. ఆ మిషను రాకపోతే. ఈ గంటలో దాని వేలు ఒక్కసారి ఆ లింకు మీద పడితే, వచ్చిన అంకెలు పంపేస్తే, యాప్‌తో ఆగుతాడా వాడు, ఆ అంకెలిమ్మంటాడు, ఇంకో అంకెలిమ్మంటాడు, అక్క అడుగుతోంది కదా అని అది ఇస్తూనే పోతుంది. అక్క అడుగుతోంది. తన గొంతుతో కాకపోయినా తన పేరుతో. మంచితనమంతా మూట కట్టి తలుపు దగ్గర పెట్టినట్టు పెట్టింది మూడేళ్ళపాటు, వాడొచ్చి ఎత్తుకున్నాడు, అంతే.

సూపర్‌వైజరమ్మ వచ్చి మూడో అంతస్తు వాళ్ళు గలేబుల కోసం చంపేస్తున్నారు అంది, వదిన తన మడతలాపి ఆ గలేబులు తీసుకుని తనే కుడుతోంది. పుర్రమ్మకి ఆవిడ వైపు చూడాలంటే మొహం చెల్లలేదు. ఇంజను బాబాయి నుంచి కబురు లేదు, ఆ పాత ఫోను లేవలేదు కాబోలు. తన ఫోను చూసింది, ఇంకా ఆగమంటోంది. గాజు తలుపు చూసింది, దుప్పట్లు తేలికైనట్టున్నాయి, ధబ్బుమని కాదు, ఇప్పుడు పక్షుల్లా పడుతున్నాయి. ఆరిపోతున్నాయి. ఆరిపోతున్నాయంటే అయిపోతోంది. అయిపోతోందంటే ఆ పిల్ల సంగతి ఏదో ఒకటి అయిపోయే ఉంటుంది, ఏదైనా అయ్యాక తెలిసి ఏం లాభం. మేనత్తా, నువ్వుంటే ఏం చేసేదానివే. ఎదురుగా కూర్చో అనేదానివి. ఎవరికి ఎదురుగా కూర్చోను.

డ్రయ్యరు నిలబడిపోయింది. గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఫోను మోగింది. పేరు లేదు, వట్టి నంబరు.

"అలో."

అవతల ఊపిరి వినపడుతోంది. వెనక ఎక్కడో సైరన్ మోగుతోంది, సన్నగా, పొడుగ్గా. పుర్రమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"తల్లీ?"

"ఒక్క మాటకి జవాబు చెప్పండి" అంది ఆ గొంతు. అండీ అంది. మూడేళ్ళలో ఎప్పుడూ అనని అండీ. "మీరు ఏ చేత్తో అల్లుతారు?"

"పుర్రచేత్తోనే కదే, ఇంకే చేత్తో అల్లమంటావు, నాయనమ్మ కట్టేసినా మానలేదు, నువ్వొచ్చి ఇప్పుడు..." అంటూ ఉండగానే అవతల ఏడుపు మొదలైంది. అక్కా, అక్కా అని అదే ఏడుపు. పుర్రమ్మకి ఏమీ అర్థం కాలేదు, అంతా అర్థమయింది. నొక్కావా, అంకెలు పంపావా, ఏం పంపావు, చెప్పు ముందు, తర్వాత ఏడువు.

"నొక్కాను. అంకెలొచ్చాయి, నీ పేరు కింద కొట్టి కూడా పెట్టాను, పంపడమే తరువాయి" అంది చిట్టెలుక, ముక్కు ఎగబీలుస్తూ. "ఇదిగో నేనల్లింది అని ఒక బొమ్మ పెట్టావు కదా, అదే, పెట్టాడు కదా. పంపేముందు దాన్ని అద్దంలో పెట్టి చూశానక్కా. నీ బొమ్మ ఏదొచ్చినా అలా చూడందే తోచదు నాకు. చూస్తే తిరగబడింది. నీదైతే అద్దంలో నా వైపు తిరగాలి కదా, అది నీ వైపు తిరిగింది. మళ్ళీ చూశా, మళ్ళీ అంతే. ఇది నువ్వే అల్లావా అక్కా అని రాశా. అవును, ముందు అంకెలు పంపు, టైమైపోతోంది, తొందరగా, తొందరగా అని రాశాడు. నువ్వు నన్నెప్పుడు తొందరపెట్టావు?"

పుర్రమ్మ బల్ల మీద తలపెట్టుకుంది. చల్లగా ఉంది బల్ల. వదిన గలేబు ఆపి చూస్తోంది, ఏమైంది అని చేత్తో అడుగుతోంది, పుర్రమ్మ తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది, ఏం కాలేదు అని. ఏం కాలేదు. ఇంజను బాబాయికి అయింది, ఇంకెంతమందికి అయిందో లోపలికి వెళ్తే గాని తెలియదు, వాళ్ళందరికీ మొహం చూపించాలి, ఆ లింకు నేనూ నొక్కాను, ఆ కొత్తామెని నేనే చేర్చుకున్నాను అని చెప్పాలి, ఎవరు ఎన్ని మాటలంటారో. అదంతా ఉంది. ఈ పిల్లకి మాత్రం ఏం కాలేదు.

"వీడు నీ చోట ఉన్నాడంటే నువ్వెక్కడున్నావో, నీకేమయిందో అనుకున్నా" అంటోంది చిట్టెలుక. "మామూలుగా ఫోన్ చెయ్యొచ్చని ఎంతసేపటికీ తట్టలేదు చూడు, నా బుర్ర."

"నీ బుర్రకేం, బంగారం. పెట్టెయ్యకు. నీ నంబరు చెప్పు."

"నీ ఫోన్లోనే కనబడుతోంది కదక్కా."

"ఫోన్లో ఉన్నదాన్ని ఇంక నమ్మను. నోటితో చెప్పు."

అది చెప్తూ ఉంటే పుర్రమ్మ దుప్పట్లకి గుర్తులు వేసే పెన్ను మూత పంటితో తీసి, పుర్రచేత్తో, కుడిచేతి ముంజేతి మీద, మణికట్టు నించి మోచేతి దాకా ఒక్కొక్క అంకే రాసుకుంది. అయ్యో, అది పోదు వదినా, మరగబెట్టినా పోదు అంది వదిన. పోకూడదనే, అంది పుర్రమ్మ.

అప్పుడు ఫోను గర్రుమంది, గంటయింది. కొత్త అంకెలొచ్చాయి. వదిన గబుక్కున గోడ వైపు తిరిగి, నేను చూట్టం లేదు తల్లీ, నీ అంకెలు నువ్వే చూసుకో అని కళ్ళు కూడా మూసుకుంది. చిట్టెలుక ఇంకా లైన్లోనే ఉంది, పెట్టెయ్యనా అక్కా అంటే వద్దు ఉండు అంది పుర్రమ్మ, స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఆనించింది. ఈసారి అంకెల కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివింది, కూడబలుక్కుని, ఒక్కొక్కటీ. తర్వాత ఒక్క అంకె కొట్టింది. ఆగింది. చూసుకుంది. ఇంకొకటి.

"తొందరేం లేదక్కా" అంది ఫోను లోపలినించి చిట్టెలుక.